జీతమిచ్చే గ్రాంటా, సామానిచ్చే గ్రాంటా: సరిహద్దు కళాశాలలు ఏది అడగాలి?

గ్రాంటు కోసం తిరిగే కళాశాలల వాళ్లు ముందుగా అడిగే మాట, "ఎవరు ఎక్కువ ఇస్తారండీ?" అని. ఆంధ్ర సరిహద్దుకు ఆనుకుని ఒడిశాలో ఉన్న రాయగడ, గజపతి, కోరాపుట్, గంజాం జిల్లాల్లో విద్యాసంస్థల జమాఖర్చులు చూసే పనిలో ఉన్నాను కాబట్టి ఆ మాట నాకు బాగా అలవాటు. దానికి జవాబు చెప్పడం తేలికే, కానీ దానివల్ల కళాశాలకు ఒరిగేది తక్కువ. అంతకంటే ముందు అడగవలసినవి రెండున్నాయి. ఆ డబ్బులోంచి మనిషికి జీతం ఇవ్వనిస్తారా? ఎన్నేళ్లు ఇస్తారు? ఉన్నత విద్యలో కొత్త ప్రయత్నాలకు దాతలిచ్చే నిధులు ఎన్ని రకాలున్నా, మన ప్రాంతపు కళాశాల వాటిని ఈ రెండు ప్రశ్నలతోనే తూచుకోవాలని నా అభిప్రాయం.

కారణం చెబుతాను. గజపతి జిల్లా పర్లాకిమిడిలో ప్లస్ త్రీ (డిగ్రీ) మొదటి సంవత్సరం తరగతికి వెళితే ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు, ఒడియా మాట్లాడేవాళ్లు, గిరిజన భాష సవర మాట్లాడేవాళ్లు ఒకే బల్ల మీద కనిపిస్తారు. పుస్తకాలు చాలావరకు ఇంగ్లీషులో ఉంటాయి. ప్లస్ టూ (ఇంటర్) దాకా తనకు తెలిసిన భాషలో లెక్కలు చేసిన పిల్లవాడు మొదటి సెమిస్టరులోనే వెనకబడతాడు, రెండో సెమిస్టరుకు రావడమే మానేస్తాడు. అతన్ని నిలబెట్టాలంటే మూడు నెలల బ్రిడ్జ్ కోర్సు కావాలి, అతని భాష తెలిసిన బోధకుడు కావాలి, రెండు రోజులు తరగతికి రాకపోతే ఫోను చేసి కనుక్కునే మనిషి కావాలి. ఇందులో కొనవలసిన వస్తువు దాదాపు లేదు, ఖర్చంతా మనుషులదే. దాతలకు ఇష్టమైనవి మాత్రం వస్తువులు. వస్తువుకు ఫొటో తీయవచ్చు, పక్కన శిలాఫలకం పెట్టవచ్చు.

నేను లెక్కలు చూసిన ఒక కళాశాలకు ఒక సంస్థ ముప్పై కంప్యూటర్లతో భాషా ప్రయోగశాల పెట్టించింది. మొదటి ఏడాది సాఫ్ట్‌వేరు లైసెన్సు గ్రాంటులోనే వచ్చింది. రెండో ఏడాది దాన్ని పునరుద్ధరించడానికి పద్దు లేదు, నేర్పే బోధకుడికి మొదటినుంచీ పద్దు లేదు. ఇప్పుడా గదిలో పరీక్షల జవాబు పత్రాల కట్టలు ఉంటున్నాయి. ఆడిట్‌లో మాత్రం ఆ గ్రాంటు నూరు శాతం సద్వినియోగం అయినట్టే లెక్క.

మనుషుల మీద పెట్టిన డబ్బు ఎంత పని చేస్తుందో కొలిచి చూపిన ఉదాహరణ ఒకటి న్యూయార్కులో ఉంది. అక్కడి నగర విశ్వవిద్యాలయం 2007లో రెండేళ్ల కోర్సుల విద్యార్థుల కోసం ఏశాప్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ఒక్కో సలహాదారుకు కొన్ని పదుల మంది విద్యార్థులనే అప్పగించడం, ఫీజులో మిగిలిన లోటు పూడ్చడం, పుస్తకాలకు సాయం, నగర రవాణాకు ఉచిత పాసు, ఇవీ అందులోని ప్రధానాంశాలు. లాటరీ పద్ధతిలో విద్యార్థులను రెండు బృందాలుగా చేసి ఎండీఆర్‌సీ అనే పరిశోధన సంస్థ పరిశీలించింది. మూడేళ్ల తర్వాత ఈ సాయం అందినవారిలో సుమారు 40 శాతం మంది పట్టా అందుకుంటే, అందనివారిలో 22 శాతం మందే అందుకున్నారు. ఒక్కో విద్యార్థి మీద ఖర్చు పెరిగినా, ఒక్కో పట్టాకు లెక్కవేస్తే ఖర్చు తగ్గింది. తర్వాత దీన్ని ఒహాయో రాష్ట్రంలో అమలు చేయడానికి దాతృత్వ సంస్థలు ముందుకొచ్చాయి. అక్కడా ఆ కార్యక్రమంలో ప్రధానం సలహాదారులు, విద్యార్థుల చిన్నచిన్న ఖర్చులే. గుణుపురం నుంచి నౌపడా వెళ్లే రైలులోనో, పాతపట్నం నుంచి వచ్చే ఆటోలోనో రోజూ కళాశాలకు వచ్చే మన పిల్లలకు ఆ పాసు సంగతి ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కర్లేదు.

మనకు దగ్గరి ఉదాహరణ కూడా ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి నేటి కోరాపుట్ జిల్లాలోని జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. విశాఖపట్నంలోని సైన్సు కళాశాలకు ఆయన పేరు అందుకే వచ్చింది. ఆ లక్ష ఆనాటికి చాలా పెద్ద మొత్తమే, కానీ నన్ను ఆకట్టుకునేది 'ఏటా' అన్నది. ఒక్కసారి వచ్చే డబ్బుతో భవనం లేస్తుంది. ఏటా వచ్చే డబ్బుంటేనే ఆచార్యుణ్ణి నియమించుకునే ధైర్యం వస్తుంది. నేటి దాతల్లో ఆ రెండో రకం ఎవరో చూద్దాం.

పక్క కర్మాగారం డబ్బు

మన జిల్లాల్లో అందరి కన్నూ సీఎస్ఆర్ మీదే, అంటే కంపెనీలు తమ సామాజిక బాధ్యతగా ఖర్చు పెట్టే డబ్బు మీదే. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షను ప్రకారం 500 కోట్ల నికర విలువ, లేదా 1,000 కోట్ల టర్నోవరు, లేదా 5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీ, గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. విద్య ఆ జాబితాలో ఉంది. తాను పని చేసే ప్రాంతానికి, దాని చుట్టుపక్కలకు కంపెనీ ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టం అంటుంది. బయట ఇవ్వకూడదని అనదు, కానీ ఆచరణలో అందరూ పక్క ఊళ్లనే చూస్తారు.

అందుకే ఇక్కడ భూగోళం అదృష్టాన్ని నిర్ణయిస్తుంది. కోరాపుట్ జిల్లాలో దమంజోడిలో నాల్కో, సునాబేడలో హెచ్ఏఎల్ ఉన్నాయి. రాయగడ జిల్లాలో జేకే పేపరు మిల్లు, తేరుబలిలో ఇంఫా, కాశీపూర్ వైపు ఉత్కళ్ అల్యూమినా ఉన్నాయి. గంజాంలో ఛత్రపురం దగ్గర ఐఆర్ఈఎల్, గోపాల్‌పూర్ ఓడరేవు ఉన్నాయి. గజపతి జిల్లాకు అలాంటి పెద్ద కర్మాగారం అండ లేదు. పర్లాకిమిడి వాళ్లు విశాఖపట్నం కంపెనీల వైపు చూస్తే, వాటికి రాష్ట్ర సరిహద్దు అడ్డమొస్తుంది. ఊళ్లో మాట్లాడే భాష ఒకటే అయినా కంపెనీ దృష్టిలో జిల్లా వేరు, కలెక్టరు వేరు.

అయితే గజపతికి ఒక ఊతం ఉంది. అభివృద్ధిలో వెనకబడ్డాయని కేంద్రం గుర్తించి 2018లో ప్రకటించిన ఆకాంక్షిత జిల్లాల్లో గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి ఉన్నాయి. ప్రభుత్వ రంగ సంస్థలు తమ సీఎస్ఆర్‌లో ఈ జిల్లాలకు ప్రాధాన్యం ఇవ్వాలని వాటికి సూచనలున్నాయి. కాబట్టి ప్రైవేటు కంపెనీ దగ్గర 'మీ పొరుగువాళ్లం' అన్న వాదన పనిచేస్తే, ప్రభుత్వ రంగ సంస్థ దగ్గర 'మాది ఆకాంక్షిత జిల్లా' అన్న వాదన పనిచేస్తుంది. దరఖాస్తు మొదటి పేరాలోనే ఈ మాట రాయని కళాశాలలను చూస్తే నాకు విసుగొస్తుంది. గంజాం ఆ జాబితాలో లేదు, బరంపురం వాళ్లకు ఈ వాదన చెల్లదు.

ఇక జీతాల సంగతి. "సీఎస్ఆర్‌లో జీతాలకు 5 శాతమే ఒప్పుకుంటారట" అని చాలామంది నమ్ముతున్నారు, కొందరు కంపెనీ అధికారులు కూడా అలాగే చెబుతారు. ఇది అపార్థం. నిబంధనల్లోని 5 శాతం పరిమితి, కంపెనీ తన సీఎస్ఆర్ విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టే పాలనా ఖర్చుకు సంబంధించింది. ఒక ప్రాజెక్టును రూపొందించడానికి, అమలు చేయడానికి, పర్యవేక్షించడానికి నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదు. బ్రిడ్జ్ కోర్సు బోధకుడి జీతం ప్రాజెక్టు ఖర్చే. ఈ తేడాను వినయంగా, నిబంధన చూపించి చెప్పగలిగిన కళాశాలకు జీతాల పద్దు దక్కుతుంది.

రెండో ప్రశ్న, ఎన్నేళ్లు? ఇక్కడ 'కొనసాగే ప్రాజెక్టు' అనే వర్గీకరణ ఉంది. మొదలైన ఆర్థిక సంవత్సరాన్ని మినహాయించి ఇంకా మూడేళ్లదాకా నడిచే పనిని కంపెనీ అలా ప్రకటించవచ్చు. అలా ప్రకటిస్తే ఆ ఏడాది మిగిలిన సొమ్మును ఏప్రిల్ 30లోగా ప్రత్యేక ఖాతాలో వేసి తర్వాత ఖర్చు చేసే వీలుంటుంది. ప్రకటించకపోతే మిగిలిన సొమ్ము చట్టం చెప్పిన జాతీయ నిధుల్లోకి పోవాలి. అందుకే ఫిబ్రవరి, మార్చి నెలల్లో కంపెనీల వాళ్లు హడావుడిగా ఫోన్లు చేస్తారు. అప్పుడొచ్చే డబ్బు సామాన్ల డబ్బే. మూడు వారాల్లో కంప్యూటర్లు కొనవచ్చు కానీ మంచి బోధకుణ్ణి వెతకలేం. మార్చిలో వచ్చిన గ్రాంటును వద్దనమని నేను చెప్పను. ప్రయోగశాలకు నిజంగా సామాను అవసరమైతే అప్పుడే అడగండి. జీతాలు కావలసిన పనిని మాత్రం కంపెనీ వచ్చే ఏడాది కార్యాచరణ ప్రణాళిక రాసుకునే ముందే, అంటే చలికాలంలోనే, వాళ్ల బల్ల మీద పెట్టండి.

ఎవరి పేరున అడగాలన్నది ఇంకో చిక్కు. చట్టం ద్వారా ఏర్పడిన విశ్వవిద్యాలయం నేరుగా సీఎస్ఆర్ అమలు సంస్థ, అంటే కంపెనీ డబ్బు తీసుకుని దాని తరఫున పని చేసే సంస్థ, కావచ్చు. బరంపురం విశ్వవిద్యాలయం, కోరాపుట్‌లోని కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆ కోవలోవే. సొసైటీ నడిపే ప్రైవేటు కళాశాలకు ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏ, 80జి నమోదులు, మూడేళ్ల అనుభవం, కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర 2021 నుంచి అమల్లో ఉన్న సీఎస్ఆర్-1 నమోదు కావాలి. ప్రభుత్వ కళాశాలకు తనదంటూ చట్టపరమైన రూపం సాధారణంగా ఉండదు. కంపెనీయే నేరుగా పని చేయించాలి, లేదా నమోదైన మరో సంస్థను భాగస్వామిగా తెచ్చుకోవాలి. ఆ భాగస్వామి ఎవరన్నదాని మీద మళ్లీ వస్తాను.

మధ్యవర్తుల గురించి ఒక మాట. "పది శాతం ఇస్తే సీఎస్ఆర్ ఇప్పిస్తాం" అని వచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. చెక్కు ఇచ్చి కొంత నగదుగా వెనక్కి అడిగేవాళ్లూ ఉంటారు. మొదటి రకానికి టీ ఇచ్చి పంపండి. రెండో రకానికి టీ కూడా వద్దు.

పెద్ద ట్రస్టులు

మన దేశంలో ఉన్నత విద్యకు దాతృత్వం అనగానే టాటాల పేరు వస్తుంది. జేఎన్ టాటా ఎండోమెంటు 1892 నాటిది, పై చదువులకు రుణ రూపంలో సాయం చేస్తుంది. సర్ రతన్ టాటా ట్రస్టు 1919లో, సర్ దొరాబ్జీ టాటా ట్రస్టు 1932లో ఏర్పడ్డాయి. ముంబయిలో సామాజిక శాస్త్రాలు నేర్పే టిస్, మౌలిక పరిశోధనలు చేసే టీఐఎఫ్ఆర్ లాంటి సంస్థల పుట్టుక వెనక ఆ ట్రస్టుల డబ్బే ఉంది. ఆ తరువాతి తరంలో అజీం ప్రేమ్‌జీ ఫౌండేషను, ఇన్ఫోసిస్ ఫౌండేషను లాంటివి వచ్చాయి.

నా రెండు ప్రశ్నలకు ఈ వర్గమే అందరికంటే మెరుగైన జవాబు ఇస్తుంది. విద్యారంగంలో పని చేసే పెద్ద ట్రస్టులకు మనిషి ఖర్చే ప్రధానమని తెలుసు, రెండు మూడేళ్ల గ్రాంట్లకు అలవాటు పడ్డాయి. కానీ దారి పొడవు. ముందు చిన్న పరిచయ పత్రం, తర్వాత ప్రశ్నలు, తర్వాత మనిషిని పంపి చూడటం, మూడేళ్ల ఆడిట్ నివేదికలు, ఆపైన బడ్జెటు మీద బేరం. నెలలు గడుస్తాయి. 'మా కళాశాలను అభివృద్ధి చేయండి' అన్న దరఖాస్తును వాళ్లు చదవరు. 'ఈ విద్యార్థులకు ఈ ఇబ్బంది ఉంది, మేము ఇలా ప్రయత్నించి చూశాం, ఇంత ఫలితం కనబడింది, ఇప్పుడు నాలుగు కళాశాలల్లో చేస్తాం' అన్నదాన్ని చదువుతారు. అంటే ట్రస్టు దగ్గరికి వెళ్లేముందే ఎవరి డబ్బుతోనో చిన్న ప్రయత్నం జరిగి ఉండాలి.

ఆ చిన్న ప్రయత్నానికి మన నేల కొత్తదేమీ కాదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని, సొంత ఖర్చుతో బడులు పెట్టి ఆ పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. ఇవాళ డిగ్రీ మొదటి ఏడాది సవర విద్యార్థులకు వాళ్ల భాషలో సైన్సు వివరణలు రాయించి, చదివి రికార్డు చేయించి ఇవ్వాలనుకునే కళాశాల ఉంటే, పెద్ద ట్రస్టు దగ్గరికి తీసుకువెళ్లదగిన ఆలోచన అది. ఇలాంటిది ముంబయిలోనో బెంగళూరులోనో పుట్టదు, ఇక్కడే పుట్టాలి. ఇంకో కంప్యూటరు ప్రయోగశాల కోసం మాత్రం అంత దూరం వెళ్లకండి.

పూర్వ విద్యార్థులు

మన ఊళ్ల కళాశాలల్లో చదివినవాళ్లు విశాఖపట్నం, హైదరాబాదు, బెంగళూరు, అమెరికాలలో స్థిరపడ్డారు. ఏడాదికోసారి సమావేశం, సన్మానాలు, భోజనాలు, ఓ ఫొటో. ఎవరో ఒకరు లేచి "కళాశాలకు శాశ్వత నిధి పెడదాం" అంటారు, చప్పట్లు మోగుతాయి. నాలుగేళ్ల తర్వాత చూస్తే ఆ నిధిలో రెండున్నర లక్షలు ఉంటాయి.

శాశ్వత నిధి మంచిదే, కానీ లెక్క చూడండి. ఒక బోధకుడికి నెలకు 20,000 చొప్పున ఏడాదికి 2.40 లక్షలు కావాలి. డిపాజిట్టు మీద 7 శాతం వడ్డీ వస్తుందనుకుందాం. ధరలు పెరుగుతుంటాయి కాబట్టి అందులో 2 శాతాన్ని అసలులో కలిపి 5 శాతమే ఖర్చు పెట్టాలి. అప్పుడు ఒక్క బోధకుడి కోసం 48 లక్షల నిధి కావాలి. అదే పని, నలభై మంది పూర్వ విద్యార్థులు నెలకు 500 చొప్పున బ్యాంకు ఖాతా నుంచి తమంతట తాము పోయేలా పెడితే వచ్చే నెల నుంచే జరుగుతుంది. నలభై ఎనిమిది లక్షలు పోగయ్యేదాకా ఆగడం కంటే నలభై మందిని కూడగట్టడం నయం. శాశ్వత నిధి తర్వాత, ఎవరైనా పెద్ద మొత్తం ఇస్తామన్నప్పుడు మొదలుపెట్టండి.

ఈ డబ్బుకు ఉన్న అతి పెద్ద సుగుణం, దాతకు మీ ఊరు తెలుసు. జీతానికి ఎందుకు ఇస్తున్నారని ఎవరూ అడగరు. విఫలమైనా క్షమిస్తారు. కాబట్టి మొదటి చిన్న ప్రయత్నానికి ఇంతకంటే తగిన సొమ్ము లేదు. లోపమూ అదే. వచ్చిన ఫలితాన్ని ఎవరూ గట్టిగా అడగరు కాబట్టి కళాశాల కొలవడం మానేస్తుంది. హాజరు, మొదటి సెమిస్టరు ఉత్తీర్ణత, రెండో ఏడాదికి మిగిలినవారి సంఖ్య, ఈ మూడూ మొదటిరోజు నుంచే రాసి పెట్టుకోండి. రేపు కంపెనీకో ట్రస్టుకో చూపించడానికి అవే పనికొస్తాయి.

సంఘాన్ని సొసైటీగా నమోదు చేయించి, 12ఏ, 80జి తెచ్చుకుంటే దాతకు పన్ను రాయితీ ఉంటుంది. అయితే అది పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే, రెండు వేలు దాటిన నగదు విరాళానికి వర్తించదు. కళాశాలల నాణ్యతను తూచే నాక్ సంస్థ మదింపులో పూర్వ విద్యార్థుల పాత్రకు విడిగా మార్కులుంటాయి, ప్రిన్సిపాల్‌ను ఒప్పించడానికి అది ఉపయోగపడుతుంది. ఇందాక చెప్పిన భాగస్వామి సంగతి ఇక్కడికే వస్తుంది. ప్రభుత్వ కళాశాలకు సీఎస్ఆర్ అమలు సంస్థగా నిలబడటానికి, మూడేళ్లు శుభ్రంగా లెక్కలు నడిపిన పూర్వ విద్యార్థుల సంఘం బయటి ఏ స్వచ్ఛంద సంస్థకంటే మేలు. డబ్బు ఎక్కడికీ పోదు, మనుషులు తెలిసినవాళ్లే.

అమెరికా దాతల విషయంలో ఒక జాగ్రత్త. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లది, భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. "మనవాడే కదా" అని విదేశీ నిధులకు నమోదు లేని సంఘం ఖాతాలో వేయించుకుంటే చిక్కుల్లో పడతారు. రసీదు రాసే ముందు పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి, మొహమాటం వద్దు.

విదేశీ నిధులు

ఫోర్డ్ ఫౌండేషను 1952 నుంచి ఢిల్లీలో కార్యాలయం నడుపుతోంది. లుమినా లాంటి అమెరికా సంస్థలు ఉన్నత విద్య మీదే పని చేస్తాయి, కానీ వాటి దృష్టి సొంత దేశపు విద్యార్థుల మీద. వాళ్ల నివేదికలు చదివి ఆలోచనలు తెచ్చుకోండి, దరఖాస్తులు పంపడం దండగ. ఇక మన వైపు విదేశీ విరాళాలు తీసుకోవడానికి తప్పనిసరైన ఎఫ్‌సీఆర్ఏ నమోదు కావాలంటే సంస్థకు కనీసం మూడేళ్ల వయసు, గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో లక్ష్యాల మీద 15 లక్షల ఖర్చు ఉండాలి. 2020 సవరణ తర్వాత డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి, పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు, వచ్చిన సొమ్మును మరో సంస్థకు ఇవ్వకూడదు. ఆ చివరి నిబంధనతో, పెద్ద సంస్థ తెచ్చుకుని చిన్న కళాశాలకు పంచే దారి మూసుకుపోయింది. విశ్వవిద్యాలయం స్థాయి సంస్థలకు, పరిశోధన కోసం, ఇది పరిశీలించదగినది. డిగ్రీ కళాశాలకు నా సలహా: వదిలేయండి.

మిగిలినవి

విద్యార్థికి నేరుగా అందే స్కాలర్‌షిప్పులను కళాశాల గ్రాంటుతో కలపకండి, కానీ నిర్లక్ష్యమూ చేయకండి. అజీం ప్రేమ్‌జీ స్కాలర్‌షిప్పు, పదీ ప్లస్ టూ ప్రభుత్వ బడుల్లో చదివిన ఆడపిల్లలకు డిగ్రీలో ఏడాదికి 30,000 ఇస్తుంది. రిలయన్స్ ఫౌండేషను స్కాలర్‌షిప్పు డిగ్రీ మొత్తం మీద రెండు లక్షల దాకా ఉంటుంది. మన జిల్లాల్లో ఎందరో అర్హులు దరఖాస్తే చేయరు. ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా, ఆధార్‌లో పేరు సరిపోవడం, వీటిలో ఏదో ఒకచోట ఆగిపోతారు. కళాశాలలో ఒక్క గుమస్తాకు ఈ పని అప్పగించి అదనంగా కొంత ఇస్తే, వచ్చే ప్రయోజనం చాలా గ్రాంట్లకంటే ఎక్కువ. అలా అదనంగా ఇచ్చే సొమ్ము పూర్వ విద్యార్థుల నుంచి రావచ్చు.

విద్యార్థి చేతిలో నిజంగా ఒక ఉత్పత్తి ఆలోచన ఉంటే దాతల చుట్టూ తిరగనక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ నిధి-ప్రయాస్ నమూనా తయారీకి 10 లక్షల దాకా, జీవ సాంకేతికతలో కేంద్ర సంస్థ బైరాక్ వారి బిగ్ పథకం 50 లక్షల దాకా ఇస్తాయి. గుణుపురంలో, పర్లాకిమిడిలో ఇంజినీరింగు చదివే పిల్లలకు ఇది చెప్పవలసిన మాట. హ్యాకథాన్ల బహుమతులు ఉత్సాహానికి మంచివి, వాటి మీద బడ్జెటు వేసుకోకూడదు. స్వచ్ఛంద సంస్థలు నిధులు సేకరించుకునే సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజి గురించి ఈ మధ్య అడుగుతున్నారు. ఏడాదికి 50 లక్షల ఖర్చు లేని సంస్థకు అక్కడ నమోదుకే వీలుండదు, కాబట్టి ఆ చర్చ ఆపేద్దాం.

అయితే ఎవరు ఏది అడగాలి?

గజపతి, మల్కన్‌గిరి లాంటి చోట్ల చిన్న ప్రభుత్వ కళాశాల అయితే: పూర్వ విద్యార్థుల నెలవారీ చందాతో ఒక్క బోధకుడు, ముప్పై మంది విద్యార్థులతో ఏడాది నడపండి. ఆ లెక్కలతో ప్రభుత్వ రంగ సంస్థ దగ్గరికి, ఆకాంక్షిత జిల్లా పేరు చెప్పి, వెళ్లండి. కోరాపుట్, రాయగడలలో కర్మాగారం పక్కనే ఉన్న కళాశాల నేరుగా సీఎస్ఆర్‌తో మొదలుపెట్టవచ్చు, కానీ 'కొనసాగే ప్రాజెక్టు'గా మాత్రమే. విశ్వవిద్యాలయం అయితే పెద్ద ట్రస్టుకు ప్రాధాన్యం ఇవ్వాలి, చుట్టుపక్కల నాలుగు కళాశాలలను కలుపుకుని. వసతులు బాగానే ఉన్న ప్రైవేటు ఇంజినీరింగు కళాశాలకు జీతాల గ్రాంటు కోసం నేను సిఫారసు చేయను. జీతాలు ఇవ్వవలసింది వాళ్లే. విద్యార్థుల నమూనాల కోసం పైన చెప్పిన ప్రభుత్వ పథకాలు వాళ్లకు చాలు. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరొంచ వైపు తెలుగువారికీ దాదాపు ఇదే వర్తిస్తుంది, అదీ ఆకాంక్షిత జిల్లాయే.

నేను వేసి ఇచ్చే నమూనా బడ్జెటు ఇలా ఉంటుంది. ఇద్దరు బోధకులు, నెలకు 20,000 చొప్పున, ఏడాదికి 4.80 లక్షలు. హాజరు చూసుకుని ఇళ్లకు ఫోను చేసే సమన్వయకర్త, నెలకు 25,000, ఏడాదికి 3 లక్షలు. అరవై మందికి ప్రయాణ ఖర్చు, నెలకు 500, పది నెలలకు 3 లక్షలు. మూడు భాషల్లో పాఠాల ముద్రణకు లక్ష. మొత్తం 11.80 లక్షలు, అంటే తలకు ఇరవై వేల లోపు. ఒక కంపెనీ ఒక్క ప్రయోగశాలకు పెట్టే డబ్బుకంటే ఇది తక్కువే కావచ్చు, అయినా దీన్ని ఒప్పించడం కష్టం, ఎందుకంటే ప్రారంభోత్సవానికి కత్తిరించడానికి రిబ్బను కట్టే చోటు లేదు. అరవై మంది విద్యార్థులను, వాళ్ల తల్లిదండ్రులను పిలిచి సభ పెట్టండి. కంపెనీ అధికారిని ఆ సభకు పిలవండి. రిబ్బను అవసరం తీరుతుంది.

సంతకానికి ముందు ఒప్పందంలో కొన్ని విషయాలు చూసుకోవాలి. విడతలు ఎప్పుడిస్తారు? వినియోగ ధ్రువపత్రం ఇచ్చిన మూడు నెలలకు రెండో విడత వస్తే మధ్యలో జీతం ఎవరిస్తారు? పూర్వ విద్యార్థుల ఖాతాలో మూడు నెలల జీతాల మొత్తాన్ని పక్కన ఉంచుకోవడం ఇందుకే అవసరం. ఒక పద్దులో మిగిలినది మరో పద్దుకు మార్చుకునే వీలు పది శాతమైనా రాయించుకోండి. వస్తువులు ఇస్తే మూడేళ్ల మరమ్మతు, లైసెన్సు ఖర్చు కూడా అందులోనే అడగండి. అది ఇవ్వలేమంటే వస్తువుల సంఖ్య తగ్గించమనండి. నియమించేవారి పేర్లు, బంధుత్వాలు పాలక మండలి ముందు ముందే పెట్టండి, తర్వాత ఫిర్యాదు వస్తే గ్రాంటే ఆగుతుంది. ప్రభుత్వ కళాశాలల్లో ప్రిన్సిపాల్ ఎప్పుడైనా బదిలీ కావచ్చు, కొత్తగా వచ్చినవారికి పాత ఒప్పందం సంగతే తెలియకపోవచ్చు. కాబట్టి సంతకం వ్యక్తి పేరున కాక హోదా పేరున ఉండాలి, ఖాతాకు ఇద్దరి సంతకాలు ఉండాలి, మొత్తం ఫైలు నకలు ఒకటి పూర్వ విద్యార్థుల సంఘం కార్యదర్శి దగ్గర ఉండాలి.